జీవమ్మ గోడ

ఆదివారం పొద్దున్నే జీవమ్మ వాకిలి ఊడ్చింది, కాఫీ కాచింది, భర్తకు నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

"ఈ పొద్దు చర్చిలో ప్రభువు బల్ల ఆదివారం. తెల్లది తీ" అన్నాడు తిమోతి.

"సరే" అంది. ఆమె పెదవుల మీంచి శనగగింజంత రాయి అరచేతిలోకి రాలింది. దాన్ని కిటికీలోని డబ్బాలో వేసి తెల్లచొక్కా తీసింది.

ఆళ్లగడ్డలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మనసు లేకుండా జీవమ్మ సరే అంటే రాయి రాలుతుంది. చిన్న మాటకు గింజంత, పెద్ద మాటకు బండంత. పెళ్లయిన మొదటి ఆరేళ్లు ఒక్కటీ రాలలేదు. అప్పుడు తిమోతి సమాధిరాళ్లు చెక్కే కూలి. "జీవా, కొన్ని నీళ్లిస్తావా?" అని అడిగేవాడు. చర్చిలో సంఘపెద్ద అయినాక అడగడం మానేసి ఆజ్ఞాపించడం మొదలుపెట్టాడు. ప్రతి ఆజ్ఞకూ ఒక బైబిలు వాక్యం తగిలించేవాడు. భార్య లోబడాలనే మాట ఆయనకు కంఠతా వచ్చు. ప్రాణం పెట్టి భార్యను ప్రేమించమని భర్తకు చెప్పిన మాట దాని పక్కనే ఉంది. అక్కడికొచ్చేసరికి మాత్రం ఆయన కళ్లద్దాలు మసకబారేవి.

ఆ రాళ్లకు ఉలి దిగదు. అందుకని వాటితో ఇంటిచుట్టూ గోడ కట్టాడు. ఇరవై ఏళ్ల గోడ. పదకొండు దాటితే గానీ లోపలికి ఎండ రాదు.

"జీవక్కా, ఏమన్నా రాలినాయా?" పక్కింటి మహానందమ్మ గేటు బయటినుంచి కేకేసింది. "నా నీళ్ల డ్రమ్ము ఒరిగిపోతాంది. కింద పెట్టను ఒకటియ్యి."

"డబ్బాలో చిన్నవే ఉండాయి."

"ఇంకో గంట ఆగితే పెద్దది రాలుతాదిలే, మీ ఆయన ఇంట్లోనే ఉండాడు కదా! నాకైతే నోరు తెరిస్తే రాళ్లు రాలవక్కా, తిట్లే." నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

జీవమ్మ నవ్వలేదు. గేటు కింద పరిచిన గడపరాయిని చూసింది. అది రెండేళ్ల కిందటిది. కూతురు ప్రవళిక తండ్రి వద్దన్నా నంద్యాలలో బట్టల అంగడి లోకేశ్‌ను పెళ్లి చేసుకుంది. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ తిమోతి లేచి నిలబడి, "నేనూ నా ఇంటిదీ ఆ బిడ్డ మొగం చూడం" అని సంఘం ముందర మాటిచ్చాడు. ఎవరూ ఆయన్ను అడగలేదు. భార్యనూ ఆయన అడగలేదు. ఆడవాళ్ల వరసంతా తనవైపు తిరిగితే జీవమ్మ "సరే" అంది. రాలిన రాయి నేల తాకేలోపే పెరిగింది. నలుగురు మోసుకొచ్చారు. అప్పట్నుంచి ఆమె ఒంటరిగా దాన్ని దాటబోతే కాళ్లు పైకి లేవవు. చర్చికి భర్త వెనకాల మాత్రం దాటగలదు.

ఫోన్ మోగింది. లోకేశ్.

"అత్తా, పదకొండుకు ఆపరేషన్ అంటాండారు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందంట. ప్రవళిక నిన్నే అడుగుతాంది."

"వస్తాండా" అని ఫోన్ పెట్టేసి జీవమ్మ చీర కొంగు దోపుకుని చెప్పులేసుకుంది.

"యాడికి పోతాండావ్?" అన్నాడు తిమోతి.

"నంద్యాలకు."

"ఏందీ? ఈ పొద్దు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె పట్టుకునేది నేను. పెండ్లాం ముందువరసలో లేకపోతే నా మాటకేం విలువ? దేవుని ముందర మాటిచ్చినా."

"నీ పరువు ముందర ఇచ్చినావ్. బిడ్డ కడుపు కోస్తాండారప్పా."

"ఎదురు చెప్పొద్దు. సరే అను."

ఆమె నోరు తెరిచింది. గొంతులో ఏదో అడ్డం పడింది. పైకి రాదు, కిందికి పోదు. ఊపిరాడలేదు. ఇదే చివరి రాయి అనిపించింది, దీని కింద తనే పడిపోతుందని. కళ్లు మూసుకుంది. ప్రభువా, నువ్వేం చేయమంటావ్?

స్వరమేమీ వినపడలేదు. ప్రవళిక పుట్టిన రోజు తన వేలు పట్టుకున్న గుప్పిడి గుర్తొచ్చింది, అంతే.

"సరే" అంది గట్టిగా.

తిమోతి అలవాటుగా రెండు చేతులూ ఆమె గడ్డం కింద పట్టాడు. ఏమీ రాలలేదు. గేటు దగ్గర ఏదో కుంగిన చప్పుడైంది. చూస్తే గడపరాయి నల్లరేగడి మన్నయి పడి ఉంది.

"ఎవరికి చెప్పినావ్ సరే?"

"నిన్నూ పిలిచే ప్రభువుకే" అని జీవమ్మ మెత్తటి మన్ను మీద అడుగేసి వీధిలోకి నడిచింది.

చర్చి గంట మోగింది. తిమోతి తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆయన ఫోన్ మోగింది. రెండేళ్లుగా ఎత్తని నంబరు. ఎందుకో ఎత్తాడు.

"నాయనా, భయమేస్తాంది." ప్రవళిక గొంతు. "అమ్మ వస్తాండాదంట. నువ్వు కూడా వస్తావా?"

ఒకప్పుడు తను నీళ్లడిగినట్టే అడిగింది. ఆజ్ఞ లేదు, వాక్యం లేదు. గంట మోగుతూనే ఉంది. సంఘపెద్ద అయినాక తిమోతి ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నాలుక తడబడింది.

"సరే" అన్నాడు. వెంటనే భయపడి అరచేయి గడ్డం కింద పెట్టుకున్నాడు.

రాయి రాలలేదు.

మన్నయిన గడప మీద జీవమ్మ అడుగుల గుర్తులున్నాయి. వాటి పక్కనే అడుగులేసుకుంటూ బస్టాండుకు నడిచాడు, ఖాళీగా ఉన్న ఆ చేతిని దారి పొడుగునా ముడవకుండా.