ఊపిరి వినేవాడు

"ముప్పయి ఆరు నిమిషాలు. నీ కాళ్ళకింకా కాలేజీ బద్ధకం వదల్లేదు పిల్లా," అన్నాడు కిమైయో, బురద బూట్లు విప్పి ఆమె ముందు పడేస్తూ.

జెలగాత్ నవ్వుతూ వాటిని తొట్టిలో ముంచింది. పెళ్ళయి పదకొండు వారాలు. ఆయన బూట్లలోంచి కెన్యా కొండల్లోని ఇటెన్ ఊరి ఎర్రమట్టి నీళ్ళలోకి పొగలా విచ్చుకోవడం కూడా ఆమెకి ముచ్చటే. ఒకే కప్పులో రెండు బ్రష్షులు ముచ్చట. తీగ మీద ఆయన చొక్కా భుజానికి తన చొక్కా తగులుతుండటం ముచ్చట. పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, ఆవు పాలు పితికి, టీ కాచి, ఇద్దరి బట్టలూ ఉతికి, మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద వండి, సాయంత్రం పరుగుకి మళ్ళీ సిద్ధమవుతుంటే ఆయన మంచం మీద కాళ్ళు చాపి, "విశ్రాంతి కూడా శిక్షణే," అనేవాడు. ఆ శిక్షణ తనకెందుకు ఇవ్వడో అడగాలని తోచేది కాదు. కోచ్‌ని పెళ్ళాడే అదృష్టం ఎంతమందికి పడుతుంది!

కిమైయో తొమ్మిదేళ్ళు పేసర్‌గా బతికాడు. పెద్ద నగరాల మారథాన్లలో ముప్పయ్యో కిలోమీటరు దాకా ఇంకొకరి కోసం ముందు పరుగెత్తి, పక్కకి తప్పుకోవడం ఆయన పని. చివరి గీత ఒక్కసారీ దాటలేదు. తల తిప్పకుండానే, వెనకున్నవాడిలో ఎంత సత్తువ మిగిలిందో ఊపిరి విని చెప్పేవాడు. శిక్షణా అలాగే. తను ముందు, ఆమె వెనక. "గడియారం నా చేతికి, పరుగు నీ కాళ్ళకి," అంటూ పెళ్ళయిన వారంలోనే ఆమె గడియారం తీసేసుకున్నాడు. ప్రేమనుకుంది.

ఆ మంగళవారం ఆయనకి జ్వరమొచ్చింది. పక్క శిక్షణ క్యాంపు పిల్ల జెప్టూమ్‌తో కలిసి అదే దారిలో అదే దూరం పరుగెత్తింది జెలగాత్. ఆగాక జెప్టూమ్ మోకాళ్ళ మీద చేతులానించి, రొప్పుతూ తన గడియారం చూసింది.

"అక్కా, నువ్వు మనిషివేనా? ముప్పయి మూడున్నర!"

"నీ గడియారం పాడైనట్టుంది. నాది ముప్పయి ఆరు."

"ఎవరన్నారు?"

"మా ఆయన."

"నిన్న మీ ఇద్దరి వెనకాలే చచ్చీ చెడీ వచ్చాను. నిన్న కూడా ఇంతే!"

జెలగాత్ కాలేజీలో లెక్కలు చదివింది. నెలాఖరున జాతీయ జట్టు ఎంపిక పోటీలు. ముప్పయి ఆరుకి అక్కడ చోటు లేదు కాబట్టే, ఈ ఏడాది వద్దులే అని ఆయనంటే తలూపింది. ముప్పయి మూడున్నరకి చోటుంది.

రాత్రి భోజనాల దగ్గర తేలిగ్గానే ఆ మాట అంది. ఆయన నవ్వాడు. తినడం ఆపలేదు.

"నీకు ముందు చెరోప్ అనే అమ్మాయికి నేర్పాను. బాగా పరుగెత్తేది. ఎవరో గడియారం చూపించారు. నాకు చెప్పకుండా వేరే క్యాంపుకి పోయింది. వెళ్ళి వెనక్కి తీసుకొచ్చా."

"ఇప్పుడెక్కడ పరుగెత్తుతోంది?"

"పరుగెత్తదు. మోకాలు."

పాలు పోసే సొరకాయ బుర్ర కడుగుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. "తిను అమ్మాయీ, చల్లారిపోతుంది," అంది తలెత్తకుండా.

"ఆ పిల్లతో మళ్ళీ పరుగెత్తకు," అన్నాడు కిమైయో, ఆమె జడపాయను చెవి వెనక్కి సర్దుతూ. వేళ్ళు మెత్తగానే ఉన్నాయి.

మర్నాడు పాలు పితుకుతూ అడిగింది. "ఆ అమ్మాయి పడిపోయిందా అత్తయ్యా?"

ముసలామె ఇంటివైపు చూసింది. "చెప్పి పోకు," అంది గొంతు తగ్గించి. "పోతే తిరిగి రాకు."

పాలు పోయడానికి వెళ్ళినచోట జెప్టూమ్ కనిపించింది. "ఎంపిక పోటీలకి నా పేరు రాయించు," అంది జెలగాత్.

"కోచ్‌కి తెలుసా?"

"తెలియకూడదు."

జ్వరం తగ్గి ఆయన మళ్ళీ ముందు పరుగెత్తాడు. రెండో కొండ ఎక్కేటప్పుడు ఆమె నోరు తెరిచి, గొంతులో గరగర తెచ్చుకుని, అడుగు వెనకబడింది. ఆయన వేగం తగ్గించాడు. ఇంటి దగ్గర గడియారం చూసి, "ముప్పయి తొమ్మిది! చూశావా, ఎవరెవరి మాటలో వింటే ఇలాగే అవుతుంది," అన్నాడు సంతోషంగా.

"అవునండీ," అంది, గుమ్మం పట్టుకుని రొప్పుతూ. కాళ్ళకి ఇంకా పరుగే మొదలవలేదు. పోటీలకి పద్దెనిమిది రోజులుంది. పద్దెనిమిది రోజులూ ఆయనకి వినపడేలా అలసిపోవాలి.