అబ్జర్వేషన్‌లో ఉన్న అల్లుడు

ఛాతీ పట్టేసినట్టుందని పెద్దాయనను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు జబ్బుందనీ అనలేదు, లేదనీ అనలేదు. "ఒక రోజు అబ్జర్వేషన్‌లో ఉంచుదాం" అన్నాడు. మర్నాడు అది వట్టి గ్యాసని తేల్చి పంపించేశారు. మనిషి ఇంటికొచ్చాడు. ఆ మాట కూడా ఆయన వెంటే వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన హెడ్ క్లర్కు. బల్ల మీదికి వచ్చిన ప్రతి ఫైలు మీదా "పరిశీలనలో ఉంది" అని రాసి, ఒక్కటీ తేల్చకుండా, ఒక్క తప్పూ చేయని మనిషని పేరు తెచ్చుకుని రిటైరయ్యాడు. ఆ తర్వాత పరిశీలించడానికి ఏమీ లేక దిగాలు పడ్డాడు. ఇప్పుడు అడక్కుండానే అంతకంటే బరువైన మాట, అదీ ఇంగ్లీషులో, డాక్టరు నోటి నుంచి దొరికింది. గోడకు చెమ్మెక్కిందని భార్య అంటే "అబ్జర్వేషన్‌లో పెట్టాను" అన్నాడు. తనకు పన్ను సలుపుతోందని ఆవిడ అన్నా అదే జవాబు.

"మీరు చూస్తే నా పన్ను నొప్పి తగ్గుతుందా?"

"తొందరపడకే. ముందు దాని తీరు గమనించాలి."

సరిగ్గా ఆ రోజుల్లోనే కూతురు ఒకతన్ని పెళ్లి చేసుకుంటానని చెప్పింది. ఆమె రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. అతను ఆ భవనంలో లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు ఆగినప్పుడల్లా ఆమె ఫోను చేసేది. కొన్నాళ్లకు లిఫ్టు బ్రహ్మాండంగా నడుస్తున్నా చేసేది.

మెకానిక్కు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆదివారం ఇంటికొచ్చాడు. పెద్దాయన అతణ్ణి కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, నాలుక చాపమనడం ఒక్కటే తరువాయిగా చూశాడు.

"బాబూ, నీ విషయం అబ్జర్వేషన్‌లో పెడుతున్నాను. ఆదివారం ఆదివారం వస్తూ ఉండు."

"ఎన్నాళ్లు సార్?"

"అది పేషెంటు అడక్కూడదు."

అతను వస్తూ ఉన్నాడు. మొదట్లో పెద్దాయన అతను టీ ఎలా తాగుతున్నాడో, చెప్పులు ఎలా విడుస్తున్నాడో చూసి ఊరుకునేవాడు. ఒకనాడు నెత్తిమీద ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే మెకానిక్కు చెయ్యి ఊరుకోలేదు. నిచ్చెన అడిగి ఎక్కి, నూనె వేసి దిగాడు. అక్కడే పొరపాటు చేశాడు. పై ఆదివారం బీరువా తలుపు అతని కోసం ఎదురుచూస్తోంది. దాని తర్వాత ఇస్త్రీపెట్టె, దాని తర్వాత పక్కింటివాళ్ల కాలింగ్ బెల్లు. ఇస్త్రీ చొక్కా పోయి పనిబట్టలు వచ్చాయి. టీ కూడా గదిలోకి రావడం మానేసి, నిచ్చెన దగ్గరికే రాసాగింది.

ఒక ఆదివారం బాల్కనీ తలుపు గడియ బిగిస్తుంటే, బయట పెద్దాయన పక్కింటాయనతో చెప్పుకుంటున్న మాటలు మెకానిక్కు చెవిన పడ్డాయి.

"తొందరేముందండీ? అల్లుడైతే కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఇప్పుడైతే నిచ్చెన వేసి ఎక్కించుకోవచ్చు."

ఆ సంగతి కూతురితో చెప్పి వాపోయాడు. ఆమె జాలిపడలేదు.

"నేను చెప్పాల్సింది నాన్నకు ఎప్పుడో చెప్పేశాను. నువ్వేం చెప్పావు? 'అలాగే సార్' తప్ప నీ నోట మరో మాట విన్నానా? నాన్న ముందే నోరు పెగలని మనిషి రేపు నా పక్కన నిలబడి ఏం మాట్లాడతాడు? వచ్చే ఆదివారం తేల్చు. తేల్చలేకపోతే ఆ పై ఆదివారం ఇంట్లోనే పడుకో. నా కోసం రావద్దు."

ఆ వారమంతా అతను లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూ మాటలు వల్లెవేశాడు. ఆదివారం గుమ్మంలో అడుగు పెట్టగానే పెద్దాయన అతని చేతిలో కొత్త కుళాయి పెట్టాడు. 'అలాగే సార్' అన్నాడతను.

వంటింటి కుళాయి మార్చాలి. ఇంటికి నీళ్లొచ్చే గొట్టం వాల్వు కట్టేసి, మెకానిక్కు పాత కుళాయి ఊడదీశాడు. పక్కనే తొట్టి నిండా అంట్లు పెట్టుకుని, పెద్దాయన భార్య సబ్బు చేతులతో నిలబడి ఉంది. గుమ్మంలో పెద్దాయన ఉన్నాడు.

"సార్, నా విషయం..."

"చూద్దాం బాబూ. ముందు పని కానీ."

మెకానిక్కు కొత్త కుళాయి ఒళ్లో పెట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"కూర్చున్నావేంటి?"

"అబ్జర్వ్ చేస్తున్నాను సార్."

"బిగించాల్సినదానికి అబ్జర్వేషన్ ఏంటయ్యా? బుద్ధుందా?"

ఆవిడ ఫక్కున నవ్వి, పన్ను సలిపి దవడ పట్టుకుంది. దవడకు సబ్బంటింది. "అతన్నంటారేం? మీ శిష్యరికమే కదా! ఈ అంట్లతో నేను ఎంతసేపు నిలబడను? పిల్లాణ్ణి అడ్మిట్ చేసుకుంటారో, డిశ్చార్జ్ చేస్తారో ఇప్పుడే చెప్పండి."

కూతురు వచ్చి మెకానిక్కు పక్కన నేలమీద కూర్చుంది.

ఇరకాటంలో పడితే పెద్దాయనకు ఆఫీసు రోజుల నుంచీ తెలిసిన దారి ఒకటే. బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ముగ్గురూ వంటింట్లో అలాగే ఉన్నారు. కాసేపటికి లోపలి నుంచి కేక వినిపించింది.

"ఏమేవ్! నీళ్లు రావడం లేదేంటి?"

"గొట్టం కట్టేశాడండీ!"

"బక్కెట్‌లో?"

"పట్టి పెట్టమని పొద్దున్నే చెప్పాను. చూద్దామన్నారు."

ఆ తర్వాత గొంతు మెత్తబడింది. "బాబూ... నీళ్లు వదులు."

మెకానిక్కు కూతురి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు, గోడకేసి చూస్తోంది. అతను లేచి, బాత్రూము తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"ముందు మీరు మాట వదలండి మావయ్యా."

"ఎవడ్రా నీకు మావయ్య?"

"అదే తేల్చమంటున్నాను. మీ అమ్మాయిని నాకిచ్చి చేస్తారా, చెయ్యరా? చెయ్యనంటే ఈ కుళాయి బిగించి, నీళ్లు వదిలి వెళ్లిపోతాను. చూద్దామంటే మాత్రం నేనూ ఇక్కడే కూర్చుని చూస్తాను."

వంటింట్లో కూతురు గోడ మీంచి చూపు తిప్పింది.

లోపల ఖాళీ బక్కెట్ ఒకసారి గడగడలాడింది. హెడ్ క్లర్కు జీవితంలో మొదటిసారి ఒక ఫైలు తేలింది.

"చేస్తానండీ. నీళ్లు వదలండి అల్లుడుగారూ."

అల్లుడు రెంచీ అందుకున్నాడు. ఆ చప్పుడుకు లోపలాయన కంగారుపడ్డాడు.

"అయ్యయ్యో, మీరెందుకండీ! అల్లుడి చేత పని చేయిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఏమేవ్, ప్లంబర్ని పిలు!"

"ఆదివారం ప్లంబరు సాయంత్రానికి గానీ రాడు. అప్పటిదాకా అక్కడే ఉంటారా?"

పెద్దాయన ఆ ప్రశ్నను నలువైపులా గమనించడం మొదలుపెట్టాడు. ఆయన జవాబు కోసం ఈసారి ఎవరూ ఆగలేదు. అల్లుడు కుళాయి బిగించగానే, కూతురు వెళ్లి వాల్వు తిప్పి నీళ్లు వదిలింది.