గొంతెముక

మామగారి అస్థికలు పదేళ్లుగా మా ఇంట్లోనే, బుద్ధుడి అల్మరాలో ఉన్నాయి. ఆయన పోయింది ఇక్కడ, జపాన్ ఈశాన్య కొసన నెమురోలో. వాళ్ల వంశం సమాధి ఎదురుగా కనిపించే షిబోత్సు దీవిలో ఉంది. యుద్ధం చివర్లో రష్యా సైనికులు దిగితే పడవెక్కి పారిపోయి వచ్చాం. రష్యాతో శాంతి ఒప్పందం కుదరగానే ఆయన్ని వాళ్ల నాన్న పక్కన పెడదామని అత్తగారి పట్టు.

ఒప్పందం కుదిరితే మీ దీవి ఇస్తామని రష్యా అన్నది నాలుగేళ్ల కిందట. ఆ సంబరంలో అత్తగారు గుడిలో మాకిచ్చిన సమాధి స్థలాన్ని పక్కింటివాళ్లకి వదిలేసింది. మాది లాంటి చిన్న దీవులతో రాజీపడి పెద్దవి రష్యాకి వదిలేస్తే, తన చేతిలో ఉన్న ఒకినావాను జపాన్‌కి తిరిగి ఇచ్చేది లేదని అమెరికా బెదిరించిందట. ఒప్పందం కుదరలేదు. నిన్న రేడియోలో రష్యా కొత్త మెలిక పెట్టింది: అమెరికా సైన్యం జపాన్ వదిలి వెళ్తేనే దీవులట. ఓడింది మేము, అలకలు వాళ్లవి.

ఆ వార్త వచ్చినప్పుడు మేం ఎండిన సముద్రపు నాచు కత్తిరిస్తున్నాం.

"అమ్మా, ఇంక చాలు. నాన్నని గుడిలో పెట్టేద్దాం," అన్నాడు మా ఆయన తోకుజీ.

"నోర్ముయ్. వాళ్లు ఇవాళ కాకపోతే రేపు ఒప్పుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. "రోజూ ఆయన ముందు అన్నం పెడుతున్నది నేను, అత్తయ్యా. ఆయనకీ విసుగొచ్చి ఉంటుంది."

"ఆయనకా, నీకా?"

"నాకే."



ఈ ఉదయం అత్తగారే అస్థికల కుండ దించి, తెల్లగుడ్డ పరిచింది. నా చేతికి ఎముకలెత్తే పుల్లల జత ఇచ్చి, తనూ ఒక జత తీసుకుంది. దహనం రోజున అస్థికలు ఇద్దరం కలిసి పట్టి ఎత్తినట్టే, పైనున్న గొంతెముకను ఎత్తాం. కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందని దాన్ని చివరగా, కుండలో అన్నిటికంటే పైన పెడతాం. దాన్ని చిన్న టీ డబ్బాలో వేసింది.

"మిగతా ఆయన్ని మంచు కరిగాక గుడిలో పెట్టండి. స్థలం కోసం నేనే వెళ్లి బతిమాలతాను. ఇది మాత్రం దీవికి."

నేను మూత బిగిస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా బిగించకు, ఫుసాయే. నాది కూడా ఇందులోనే వెయ్యాలి."

నిన్నటి మాటకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బతికుండగా దీవి అందదని ఆమెకే తెలిసిపోయింది.

"అలాగే అత్తయ్యా," అన్నాను. ఇక ఎదురుచూడడం నా వంతు.