కోడలి ఇంటిపేరు

మా ఆఫీసులో అత్తగారికీ కోడలికీ పడదని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేస్తారు. వాళ్లు కంగారుపడి, ఆ ఇద్దరూ ఏ బల్లల దగ్గర కూర్చుంటారో అని చుట్టూ చూస్తారు. ఇద్దరూ మనుషులు కారు, ప్రోగ్రాములు.

మా పని స్కూలు బస్సుల జాడ చెప్పడం. పొద్దున్నే తల్లులూ తండ్రులూ ఫోను తెరిచి, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో, తమ వీధి మలుపుకు ఎప్పుడు చేరుతుందో చూసుకుంటారు. కంపెనీ పెట్టిన కొత్తలో ఈ పనిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక్కో చుట్టరికం పేరు పెట్టింది బాబాయ్. గడప దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు జవాబు చెప్పేది కోడలు. వచ్చినవాళ్లు నిజంగా ఆ బిడ్డ తాలూకువాళ్లేనా అని ఆరా తీసేది మావగారు. ఊరంతా తిరిగే బస్సులతో మాట్లాడేది బావ. ఇంటి తాళాలన్నీ దగ్గర పెట్టుకుని, ఏ బిడ్డ ఎక్కడ ఎక్కుతుంది, ఇవాళ ఎవరు రావడంలేదు అనే వివరాలన్నీ దాచిపెట్టేది అత్తగారు.

బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. యాభై రెండేళ్ల మనిషి, ఆఫీసంతటికీ బాబాయే. అత్తగారిని రాసిందీ, పదకొండేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నదీ ఆయనే. కోడలిని రెండేళ్ల కిందట తిరగరాసింది నేను. వెనకాల అందరూ నన్ను చిటపట అంటారని నాకు తెలుసు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో తెలిస్తే, సరిగ్గానే పెట్టారని చెబుదామని చూస్తున్నాను.

బాబాయ్‌కీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. నలుగురిలో నా కోడ్‌లో ఒక తప్పు చూపించి, తొందరపడి రాశావమ్మా అన్నారు. తప్పు ఉన్నమాట నిజమే. నాకొక్కదానికి చెబితే సరిపోయే తప్పును నలుగురికీ చూపించడమెందుకన్నది నా బాధ. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను. నా కోడలి జోలికి రావద్దు, మీ అత్తగారి సంగతి చూసుకోండి అన్నదే వాటిలో కాస్త మర్యాదైన మాట.

మూడు నెలలుగా మాకో చిక్కు వచ్చిపడింది. ఉదయం ఏడున్నర నుంచి, బస్సులు పిల్లల్ని ఎక్కించుకునే ముప్పావుగంటపాటు బస్సు జాడ తెరమీదికి రావడానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. ఆ ముప్పావుగంటా తిట్లు తినేది మా వదిన. మా అన్నయ్య భార్య, మా ఆఫీసులోనే ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. ఎనిమిది సెకన్లు ఏమంత పెద్ద ఆలస్యమని ఒకసారి నోరుజారాను. ఒక కాలికే బూటు తొడుక్కున్న పిల్లాడి రెక్క పట్టుకుని గుమ్మంలో నిలబడి చూడు, అప్పుడు తెలుస్తుంది అంది.

తప్పెవరిదంటే అందరూ అత్తగారి పేరే చెప్పారు. పాతది కాబట్టి నెమ్మది. అందరికంటే గట్టిగా చెప్పింది నేనే. సోమవారంనాడు మేనేజరు ఒక మాట తేల్చి చెప్పాడు. శుక్రవారానికల్లా ఆలస్యం ఎక్కడో రుజువుతో చూపించాలి. చూపించలేకపోయినా, అది అత్తగారిదేనని తేలినా సరే, అత్తగారిని తీసేసి బయటినుంచి తయారుసరుకు తెచ్చి పెడతాం, బాబాయ్‌ని బస్సుల్లో బిగించే పెట్టెలకు నంబర్లు వేసే గదికి పంపుతాం. బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

రుజువు తెచ్చే పని నాకు అప్పగించారు. క్లస్టర్ మీద ట్రేసింగ్ పెట్టాలి. సంతోషంగా ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అత్తగారిని సాక్ష్యంతో సహా పట్టిద్దామనే ఒప్పుకున్నాను.

మా ప్రోగ్రాములన్నీ కంటైనర్లలో, అంటే మూత బిగించిన డబ్బాల్లాంటివాటిలో ఉంటాయి. ఆ డబ్బాలను మోసే పద్నాలుగు మెషీన్ల గుంపే క్లస్టర్. ఏ డబ్బా ఏ మెషీన్ మీద ఉంటుందో పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది కాబట్టి, ఒక్కో మూత తీసి లోపలికి తొంగిచూస్తే లాభంలేదు. ట్రేసింగ్‌లో ఏం చేస్తామంటే, బస్సు ఎక్కడ అని వచ్చే ప్రతి ప్రశ్నకూ గడప దగ్గరే ఒక ఇంటిపేరు పెడతాం. ఆ ప్రశ్న ఎవరెవరి చేతులు మారుతుందో వాళ్లంతా తమ దగ్గర అది ఎంతసేపు ఉందో చీటీ రాసి, పైన ఆ ఇంటిపేరు వేయాలి. ఒకే ఇంటిపేరున్న చీటీలన్నీ ఒకచోట పేర్చితే, ఎవరి తర్వాత ఎవరు, ఎక్కడ ఎంత ఆలస్యం అన్నది వంశవృక్షంలా తెరమీద పరుచుకుంటుంది. చీటీలు పోగుచేయడానికి ప్రతి మెషీన్ మీదా కలెక్టర్ అనే చిన్న ప్రోగ్రాము ఉండాలి.

మంగళవారం కలెక్టర్లను దించడానికే సరిపోయింది. ఒక్కో మెషీన్‌కు ఒక్కో కలెక్టర్ అని క్లస్టర్‌కు చెప్పే ఫైలు ఒకటి రాయాలి. అందులో ఏ వరస ఎంత లోపలికి జరగాలో ఖాళీలతో లెక్క, ఒక్క ఖాళీ తగ్గినా అర్థం మారిపోతుంది. నాకు ఒకటి తగ్గింది. పద్నాలుగు చోట్ల దిగాల్సినవాళ్లు ఒక్కచోటా దిగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గంటన్నరసేపు క్లస్టర్‌ను తిట్టి, తర్వాత ఆ ఖాళీ చూసుకున్నాను. తీరా దిగాక, నేనిచ్చిన మెమరీ చాలక కలెక్టర్లు పడిపోవడం, క్లస్టర్ మళ్లీ లేపడం, మళ్లీ పడిపోవడం. టీ తెస్తున్న వదినకు నా గొణుగుడు వినబడింది.

"ఏ కలెక్టరు పోయాడే?"

"పద్నాలుగుమందీ పోయారు వదినా. పొద్దుటినుంచి తొమ్మిదోసారి. తిండి సరిపోవడంలేదు, రెట్టింపు చేస్తున్నాను."

వదిన టీ నా బల్లమీద పెట్టి, నా నుదురు తాకి చూసి వెళ్లింది. నిజంగానే తిండి రెట్టింపు చేస్తే బతికారు.

బుధవారం పొద్దున్న అసలు చీటీలు రావడం మొదలైంది. డిస్కు నిండిపోతుందని ముందు నూటికి ఒక్క ప్రశ్నకే ఇంటిపేరు పెట్టించాను. ఆ దొరికిన కొన్నీ ఏడున్నరకు ముందు వచ్చి బుద్ధిగా నడుచుకున్నవే. లాభంలేదని ఆ ముప్పావుగంటా వచ్చే ప్రతి ప్రశ్నకూ పెట్టించాను. అప్పుడు కనబడింది విచిత్రం. మావగారి చీటీ వచ్చింది, బావ చీటీ వచ్చింది, ఎనిమిది సెకన్లని కోడలి చీటీ వచ్చింది. ఆ ఇంటిపేరుతో అత్తగారి చీటీ ఒక్కటీ లేదు. అత్తగారి చీటీలు వేరే కుప్పగా, వేలకొద్దీ, ఒక్కోటీ ఒక్కో కొత్త ఇంటిపేరుతో ఉన్నాయి.

అత్తగారు వేషాలేస్తోందని ఎగిరాను. మధ్యాహ్నందాకా బాబాయ్ రాసిన కోడ్‌ను వరసవరసా వెతికాను. పదకొండేళ్ల కిందటిది అయినా ఇల్లు అలికి ముగ్గు పెట్టినంత శుభ్రంగా ఉంది, అదొక మంట. ఎక్కడా తప్పు లేదు. చివరికి చూస్తే తప్పంతా కోడలిది. తెలియని కాగితం ఏదీ లోపలికి మోసుకుపోవద్దని రెండేళ్ల కిందట నేనే కోడలికి గట్టిగా నేర్పాను. ఇంటిపేరు రాసిన కాగితాన్ని కూడా అది తెలియనిదే అనుకుని పారేసి, ఉత్తచేతులతో అత్తగారి దగ్గరికి వెళుతోంది. పుట్టింటి పేరూ చెప్పదు, మెట్టినింటి పేరూ చెప్పదు. పాపం అత్తగారు ప్రతిసారీ కొత్తమనిషి వచ్చిందనుకుని కొత్త ఇంటిపేరు పెట్టుకుంటోంది. కోడలికి ఒక్క వరస రాసి ఆ పొరపాటు దిద్దాను.

గురువారం ఏడున్నరకు తెరముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్న వచ్చింది. ఇంటిపేరు కలిసింది. కోడలి చీటీ కింద అత్తగారి చీటీలు ఒకదాని తర్వాత ఒకటి దిగుతూ మెట్లలా పరుచుకున్నాయి. నేను వేలు పెట్టి చదువుతూపోయాను. ఒక్కో మెట్టూ సెకనులో పన్నెండోవంతు. అత్తగారు అడిగిందల్లా తడుముకోకుండా ఇస్తోంది. మెట్లు మాత్రం తొంభై నాలుగున్నాయి.

ఎందుకో అర్థమవడానికి నిమిషం పట్టలేదు. ఒక బిడ్డ ఆ రోజు రాకపోతే బస్సు ఆ మలుపులో ఆగదు, తర్వాతివాళ్లకు ముందే చేరుతుంది. ఆ లెక్క సరిగ్గా రావాలని మూడు నెలల కిందట నేను కోడలికి కొత్త పని నేర్పాను. బస్సులో నలభై ఏడుగురు పిల్లలు. ఒక్కో బిడ్డకూ ఎక్కడెక్కుతుందని ఒకసారి, ఇవాళ వస్తోందా అని ఇంకోసారి కోడలు అత్తగారి గుమ్మానికి పరుగెడుతోంది. మూడు నెలలుగా నేను తిట్టిన నెమ్మది నా చేతిరాతే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆ తెరమీదే ఒక మీట ఉంది. నొక్కితే మెట్లన్నీ కలిపి, మొత్తం సమయంలో ఎవరి వాటా ఎంతో ఒక చక్రం గీసి చూపిస్తుంది. నొక్కాను. ఎనిమిది సెకన్లలో ఏడూ ముప్పావు అత్తగారి దగ్గర. అందులో ఒక్క అంకె అబద్ధం కాదు. శుక్రవారం ఆ చక్రం చూపిస్తే చాలు, మేనేజరు ఇంకేమీ అడగడు, బాబాయ్ పెట్టెలకు నంబర్లు వేసుకుంటారు, నా పేరు పైకి రాదు. ఆ చక్రాన్ని నేను అరగంట అలా చూస్తూ కూర్చున్నాను. ఒప్పుకోవడానికి బాగా లేదు, కానీ అరగంట.

ఫోన్లు సద్దుమణిగాక వదిన వచ్చింది. రెండు బొమ్మలూ చూపించి విషయం చెప్పాను. చక్రం వైపు తిరిగికూడా చూడలేదు. మెట్లను పైనుంచి కిందిదాకా చూసింది.

"తొంభై నాలుగుసార్లు పిలిస్తే తొంభై నాలుగుసార్లూ విసుక్కోకుండా పలికినావిడని నెమ్మది అంటారా?" అంది.

శుక్రవారం సమావేశం గదిలో గోడమీది తెరకు నా లాప్‌టాప్ తగిలించి మెట్ల బొమ్మే పెట్టాను. మేనేజరు సగందాకా లెక్కపెట్టి వదిలేశాడు. కోడలిని ఇన్నిసార్లు తిప్పుతున్నదెవరని అడిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే వేళ దాటిపోయింది.

"నేనే," అన్నాను. "అత్తగారిలో ఏ లోపమూ లేదు. మూడు నెలలుగా నేను చెప్పిందంతా తప్పు."

 నాకు భయమేస్తే కోపం వస్తుంది. ఆ కోపం తిన్నగా బాబాయ్ మీదికి తిరిగింది. అత్తగారి దగ్గరికి ఎవరు ఎన్నిసార్లు వచ్చారో ఆయనకు తెలియకుండా ఉండదు కదా, తెలిసీ ఎందుకు చెప్పలేదని నిలదీశాను. ఏడాదిలో ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"రాశానమ్మా," అన్నారాయన. "మూడు ఉత్తరాలు."

రాయలేదని చూపించడానికి అక్కడే నా మెయిలు తెరిచాను. తెరిచాక గుర్తొచ్చింది. దెబ్బలాడిన రోజునే, ఆయన ఉత్తరాలు నా కంటబడకుండా తిన్నగా ఒక ఫోల్డర్‌లోకి పోయేలా చేసుకున్నాను. దాని పేరు సుత్తి అని పెట్టుకున్నాను. ఇప్పుడా పేరు గోడమీద, మూరెడు అక్షరాలతో, అందరి ముందూ ఉంది. బాబాయ్ కళ్లద్దాలు సర్దుకుని మరీ చదివారు. పక్కన బ్రాకెట్లో మూడు అని ఉంది, ఒక్కటీ తెరవలేదు.

మూడోది తెరిచాను. రెండు నెలల కిందటిది. అందులో ఇలా ఉంది.

"అమ్మాయ్, కోడలు ఒక్కో బిడ్డకోసం రెండేసిసార్లు వస్తోంది. దాని కాళ్లు పడిపోతాయి. బస్సు నంబరు చెబితే పిల్లలందరి వివరాలూ ఒకేసారి ఇచ్చేలా అత్తగారి దగ్గర ఒక కొత్త తలుపు తెరిచి ఉంచాను. దాని పేరు మూట. నీకు తీరికైనప్పుడు కోడలిని అటు పంపు. నీ కోడ్ నేను ముట్టుకోలేదు, వద్దన్నావు కదా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. రెండు నెలలుగా మూట కట్టి పెట్టి, ఎవరూ రాని తలుపు దగ్గర ఈయన కాచుకుని ఉన్నారు. సోమవారం మేనేజరు నంబర్లు వేసే గది పేరెత్తినప్పుడు కూడా నా పేరు చెప్పలేదు.

మేనేజరు తన కాగితంమీద అత్తగారిని తీసేసే వరసను అడ్డంగా కొట్టేశాడు. ఈ కొత్త తలుపు వాడుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. మధ్యాహ్నానికి అయిపోతుందన్నారు బాబాయ్. అందరూ బయటికి వెళ్లారు. నేను ఆయన వెనకాలే ఆయన బల్లదాకా నడిచాను.

"నన్ను పిలిచి నాలుగు తిట్టి చెప్పొచ్చుగా బాబాయ్?"

"తిట్టడం నీ శాఖ కదమ్మా," అన్నారు. "పక్కవాళ్ల శాఖలో వేలు పెట్టొద్దని నువ్వే చెప్పావు."

జీవితంలో మొదటిసారి ఒక మాట తగిలినా నాకు కోపం రాలేదు. కుర్చీ ఆయన పక్కకు లాక్కుని కూర్చుని, మూట ఎలా విప్పాలో చూపించమన్నాను.