కొట్టేసిన వాక్యం

మామిడి గుజ్జు మీద పరిశోధన సుజనది. వ్యాసంలో మొదటి పేరు ఆమె పీహెచ్‌డీ గైడు, తిరుపతి ప్రొఫెసర్ భానుచందర్‌ది. గుజ్జు ఆమెది, గర్జన ఆయనది!

వ్యాసం చివర్లో ఆమె "ఇంగ్లీషు దిద్దడానికి ఏఐ సాయం తీసుకున్నాం" అని రాస్తే, ఆయన అది కొట్టేసి హెచ్‌ఓడీకి కృతజ్ఞతలు పెట్టాడు.

ఇప్పుడు జర్నల్ నుంచి మెయిలొచ్చింది: ఏఐ వాడినట్టు మా తనిఖీలో తేలింది, ఎందుకు దాచారు? జవాబు సరిగా లేకుంటే వ్యాసం రద్దు. రద్దయితే సుజన పీహెచ్‌డీ ఆగిపోతుంది.

"ఏమ్మా, ముందే చెప్పేదానికేం?" డిపార్ట్‌మెంటంతా వినేలా అరిచాడు భానుచందర్.

"రాసినాను సార్. మిషన్‌కు దండం పెడితే మన పరువేం గావాలని మీరే తీసేసినారు."

అందరూ ఆయన్నే చూశారు. గర్జన గొంతులోనే టెంకలా ఇరుక్కుంది.

"జవాబు నేను రాసిస్తా, సంతకం పెట్టండి సార్," అంది సుజన, ఎప్పటిలాగే.

ఆయన తలెత్తలేదు. "వద్దమ్మా. తీసేసింది నేనేనని నేనే రాస్తా."