చూసిన కాయ

ఫ్యాను తిరిగితే బల్ల మీది కాగితం బొమ్మలు ఎగిరిపోతాయని కాబోలు ఆపేశారు, నా మెడ మీంచి చెమట కారిపోతోంది, మా షాలోమి మాత్రం తాపీగా కూర్చుంది, ఇరవై రెండేళ్ళొచ్చినా బుద్ధి ఎదగలేదని డాక్టర్లు రాసిచ్చిన పిల్ల, నూజివీడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన సంతోషం ఇంకా దాని మొహం మీదే ఉంది, చూస్తే నాకూ నవ్వొస్తోంది, నవ్వకూడదు, సవరమ్మగారూ మీరు మాట్లాడకూడదు, సైగలు చెయ్యకూడదు అని పరీక్ష పెట్టే సుసన్నా మేడమ్ ముందే చెప్పింది, ఇరవయ్యేళ్ళలో మామిడికాయల షెడ్డులో ఏ మేస్త్రీ నా నోరు మూయించలేకపోయాడు, ఇక్కడ మూసుకున్నాను, ఈ పరీక్షలో గట్టెక్కితేనే దానికి మా షెడ్డు ప్యాకింగ్ ట్రైనింగులో సీటు, సీటొస్తే రోజూ నాతోనే, నా పక్కనే.

ఎనిమిది బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది మేడమ్, గొడుగు, కోడిపెట్ట, తాళంచెవి, ఇంకా ఏవో, ఇప్పుడు వాటిలో కొత్తవి ఎనిమిది కలిపి బల్లంతా పరిచి, ఇందాక చూసినవి ముట్టుకో అమ్మా అంది, షాలోమి పడవని ముట్టుకుంది, అయ్యో పడవ చూపించలేదు కదే, గొడుగుని దాటేసి చీపురు ముట్టుకుంది, ఆదివారం ప్రార్థనకి ఎవరే చీర కట్టుకొచ్చారో వారమంతా చెప్పే పిల్లకి ఏమైంది ప్రభువా, మేడమ్ ఇంటూ తర్వాత ఇంటూ పెడుతోంది, నాకు ఏడుపొస్తోంది.

అలా ఎనిమిది బొమ్మలు ముట్టుకుని చేతులు చున్నీకి తుడుచుకుంది, బొమ్మలకి మామిడికాయ సొనేంటి, ఈ తుడుచుకోవడం నాది, ఇంట్లో వరిగడ్డిలో కాయలు పేర్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేనే నేర్పాను, చూసిన కాయ మళ్ళీ ముట్టకే, నలిగిపోద్ది, చూడని కాయ మీదకే చెయ్యి పోవాలి అని, అవును, చూసిన ఎనిమిదింటిలో ఒక్కదాన్నీ తాకలేదు, పొరపాటునైనా తాకలేదు, మరిచిపోయిన పిల్లయితే ఒక్కటైనా చేతికి తగలదా, మేడమ్ సున్నా చుడుతోంది, ఇక నా వల్ల కాలేదు, మేడమ్ గారూ, ఏవి చూసిందో తెలియకపోతే అన్నిటినీ అలా ఎలా వదిలేస్తదండీ, షెడ్డులో మేం చూసినవి ముట్టుకోమండీ, మేడమ్ కోప్పడలేదు, బొమ్మల్ని మళ్ళీ లెక్కపెట్టింది, సున్నాని కొట్టేసి పక్కన ఏదో పొడుగ్గా రాస్తోంది, షాలోమి నావైపు తిరిగి అమ్మా, ఒక్కటీ నలగలేదు అంది, లేదమ్మా, ఒక్కటీ నలగలేదు, ఇందాక నీకేమీ గుర్తులేదని దిగులుపడ్డాను, నువ్వు చూసినవన్నీ నీ దగ్గరే ఉన్నాయి, నలగకుండా చూసుకుంటున్నావు, అంతే.