ఊపు ఆగలేదు

పెద్దవల తాడు భుజాన వేసుకుని, మడమలు ఇసుకలో దిగేసి, అసిరయ్య పాట అందుకున్నాడు. మీసం రాని రోజుల నుంచీ భావనపాడు ఒడ్డున అతనిది ఇదే పని. గొప్ప గొంతేం కాదు, గరగరలాడుతుంది. కానీ అతను పాట ఎత్తి "ఐలెస్సా" అంటే వెనకున్న ఇరవై మందీ తాడు లాగుతూ ఒక్కసారే వెనక్కి వాలతారు. ఆ మాట చెవిన పడేదాకా ఎవడూ కాచుకుని ఉండడు. అది ఎప్పుడొస్తుందో బుర్ర ముందే కనిపెట్టి ఒంటికి చెప్పేస్తుంది. పరాచికానికి ఎప్పుడైనా అతను సగంలో నోరు మూస్తే, అందరూ ఉత్తినే వాలిపోయి, బూతులు తిట్టి నవ్వేవాళ్లు.

ఆ పొద్దున సముద్రం కసిమీదుంది. అలలు ఒడ్డును చితక్కొడుతున్నాయి. వల అడుగున ఎక్కడో పట్టేస్తే, విడిపించడానికి అతని అల్లుడు గోవింద్ నీళ్లలో దిగాడు.

"జాగర్తరా!"

"నాకేటవుతాది మావా! నువ్వు పాడు!"

వల విడింది. అందరూ హుషారుగా లాగుతున్నారు. అంతలో పెద్ద అలొకటి గోవింద్‌ను ఎత్తి కుదేసింది. లేచేసరికి తాడు మెలిక అతని మెడకు పడి ఉంది.

ముందు నిలబడ్డ అసిరయ్యకొక్కడికే అది కనబడింది. లాగొద్దని గావుకేక పెట్టాలి. కానీ జీవితమంతా పాటతోనే జనాన్ని నడిపిన మనిషి, ఆ భయంలో పాట ఆపితే చాలనుకున్నాడు. చటుక్కున నోరు మూశాడు.

ఇరవై బుర్రల్లో ఆ "ఐలెస్సా" అప్పటికే మోగిపోయింది. అందరూ ఒక్క ఊపున వాలారు. అయ్యో, అసిరయ్య చేతులూ లాగాయి! తాడు మెడ కోసుకుంటూ బిగిసింది. గోవింద్ తల ఓ పక్కకు విరిగిపోయింది. నురగ ఎర్రబడింది.

గోవింద్ అన్న తిరుమలరావు ఉరికొచ్చి అసిరయ్యను జుట్టు పట్టి పడేశాడు. మూతి మీద, డొక్కలో గుద్దాడు, తన్నాడు.

"ఒక్క కేక ఎయ్యనేకపోనావేటిరా! నా తమ్ముణ్ని సంపేసినావు గదరా!"

"కొట్టు బాబూ, సంపీ," నెత్తురు ఉమ్ముతూ అన్నాడు అసిరయ్య. "పాట ఆపీసినాను. సేతులు ఆగనేదు... నా సేతులు కూడా ఆగనేదు."

గోవింద్ అప్పటికే పోయాడు. అతన్ని నలుగురూ మోసుకుని ఊళ్లోకి నడిచారు. గోవింద్ పెళ్లాం, తన కూతురు ఉషకు ఏ మొహంతో కనపడాలో తెలియక అసిరయ్య అక్కడే కూలబడ్డాడు. ఎవరో లేవదీసి తీసుకెళ్లారు.

మామా అల్లుళ్లిద్దరికీ కలిపి ఉష కట్టిచ్చిన చద్దన్నం క్యారేజీ, పడవ నీడలో మూత తీయకుండా అలాగే ఉండిపోయింది.